లోగో మీద గొడవైతే ఏది మేలు? లండన్ పట్టుదలా, టోక్యో వెనకడుగా?

ఒలింపిక్స్ లోగో బయటికొచ్చిన రోజే తిట్లు మొదలవడం మామూలైపోయింది. తిట్లు తిన్నాక నిర్వాహకులకు రెండే దారులు: భరించడం, లేదా మార్చేయడం. లండన్ 2012 మొదటి దారి పట్టింది, టోక్యో 2020 రెండోది.

లండన్ లోగోను 2007 జూన్ 4న చూపించారు. వోల్ఫ్ ఓలిన్స్ సంస్థ చేసింది, ఖర్చు 4 లక్షల పౌండ్లు. 2012 అంకెలను పగిలిన గాజు ముక్కల్లా విరిచి, కళ్లు చెదిరే గులాబీ రంగు పూశారు. మార్చాలంటూ ఆన్‌లైన్‌లో వేలాది మంది సంతకాలు పెట్టారు. ప్రచార వీడియోలో ఒక దృశ్యం వల్ల మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లకు ఫిట్స్ వచ్చాయని తెలిశాక ఆ దృశ్యాన్ని తీసేశారు. 2011లో ఇరాన్ ఆ అంకెల్లో ‘జయాన్’ (Zion, యూదుల మాతృభూమికి వాడే పేరు) అన్న మాట కనిపిస్తోందని, మార్చకపోతే బహిష్కరిస్తామని బెదిరించింది. వెతికేవాళ్లకు ఏదైనా కనిపిస్తుంది లెండి. సెబాస్టియన్ కో నడిపిన నిర్వాహక కమిటీ లోగోను మాత్రం ముట్టుకోలేదు. ఇరాన్ కూడా వచ్చి ఆడింది.

టోక్యో కథ వేరు. 2015 జులైలో కెంజిరో సానో గీసిన లోగో విడుదలైంది. అది బెల్జియంలోని లియేజ్ నాటకశాల లోగోలా ఉందని ఆ నాటకశాల లోగో గీసిన డిజైనర్ ఆరోపించాడు. సానో కాదన్నాడు, నిర్వాహకులూ ఆయన వైపే నిలబడ్డారు. అయితే ఆయన ఆఫీసు వేరే కంపెనీకి చేసిచ్చిన సంచుల డిజైన్లలో కొన్ని కాపీవేనని ఈలోగా తేలింది, ఆయనే ఒప్పుకున్నాడు. దాంతో నమ్మకం పోయింది. సెప్టెంబర్ 1న లోగో రద్దయింది.

నా లెక్కలో ఇవి రెండూ ఒకే రకం గొడవలు కావు. లండన్‌ది అభిరుచి గొడవ. నచ్చకపోవడం ఒక్కటే కారణమైతే మార్చకూడదు. మారిస్తే రెండోది నచ్చనివాళ్లూ పుట్టుకొస్తారు. పైగా ఆ లోగోకు పనికొచ్చే గుణం ఉంది. లోపలి ఖాళీలో ఏ రంగైనా, ఏ బొమ్మైనా నింపుకోవచ్చు, పారాలింపిక్స్‌కూ అదే ఆకారం వాడుకున్నారు. సైనా నెహ్వాల్, గగన్ నారంగ్ గెలిచిన కాంస్య పతకాల వెనకవైపు ఉన్నది కూడా ఆ తిట్లు తిన్న లోగోనే. చూడటానికి ఇప్పటికీ నాకు నచ్చదు, అది వేరే విషయం.

టోక్యోది నిజాయితీ గొడవ. అక్కడ పంతం పట్టి ఉంటే ప్రతి పోస్టర్ మీదా అదే ప్రశ్న వేలాడేది. తప్పంతా మొదటి పోటీలోనే ఉంది. అవార్డులు గెలిచిన డిజైనర్లకే అవకాశం ఇచ్చారు, వచ్చినవి 104 ఎంట్రీలు. రెండోసారి అందరికీ తలుపులు తెరిస్తే 14,599 వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో అసావో టోకోలో డిజైన్ గెలిచింది. జపాన్‌లో ‘ఎదో’ (Edo) అనే పాత యుగం నాటి గళ్ల నమూనా, నీలిమందు రంగు, మూడు రకాల నాలుగు పలకల ముక్కలు 45. అవే ముక్కలను మరోలా పేరిస్తే పారాలింపిక్స్ లోగో. పొందికలో లండన్‌ది దీని దరిదాపులకు రాదు.

అలాగని బహిరంగ పోటీయే మేలని నేననను. ఒక్కరు గెలిచారు, మిగతా పద్నాలుగు వేల పైచిలుకు ఎంట్రీల వెనక పని అంతా ఉచిత చాకిరీ. సంస్థకు డబ్బిచ్చి చేయించుకున్న లండన్ పద్ధతే నాకు సబబనిపిస్తుంది, విడుదలకు ముందు పోలికల తనిఖీ గట్టిగా చేయిస్తే. 2019లో పారిస్ వాళ్లు పతకం, జ్వాల, మరియన్ (ఫ్రాన్స్ గణతంత్రానికి గుర్తైన స్త్రీ) ముఖం కలిపిన లోగో చూపిస్తే హెయిర్ సెలూన్ బోర్డులా ఉందని జనం నవ్వారు. వాళ్లు 2024 దాకా అదే వాడారు. సరిగ్గానే చేశారు.