నాలుగు ఎండాకాలాల తర్వాత: పాత టూరింగ్ బండి కూలింగ్ రిపేరులో ఏది నిలిచింది, ఏది కారింది

పదమూడేళ్ల మోటార్ సైకిల్. రెండు సిలిండర్లు, 650 సీసీ, లిక్విడ్ కూలింగ్. కూలింగ్ సిస్టమ్ మొత్తం విప్పి మళ్లీ కట్టాక నాలుగు ఎండాకాలాలు, 31,000 కిలోమీటర్లు గడిచాయి. ఎక్కువ తిరుగుడు నెల్లూరు, ఒంగోలు మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీదే. మిగతాది దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్, రాపూరు మీదుగా పెంచలకోన రోడ్డు. రోహిణి కార్తెలో ఒంగోలు బైపాస్ దగ్గర లారీల వెనక ఇరుక్కుంటే కూలింగ్ ఎంత గట్టిదో పది నిమిషాల్లో తేలిపోతుంది.

బండి వేడెక్కుతోందంటే అందరి చూపూ ముందు రేడియేటర్ మీదకే పోతుంది. ఈ నాలుగేళ్లలో తేలింది వేరు. పాత బండిలో వేడికి మొదటి కారణం సిస్టమ్‌లో ప్రెషర్ నిలవకపోవడం, రెండోది లోపల గాలి ఉండిపోవడం. రేడియేటర్ వంతు ఆ తర్వాతే.

అన్నిటికంటే చవకగా దొరికి, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది రేడియేటర్ క్యాప్. దాని మీద 1.1 అని ఉంటుంది, అంటే 1.1 బార్ వరకు ప్రెషర్ పట్టి ఉంచుతుంది. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరిగితే, ఆ ప్రెషర్‌లో దాదాపు 122 దాకా మరగవు. నీళ్లతో సగానికి సగం కలిపిన కూలెంట్ అయితే 130 దగ్గర దాకా ఆగుతుంది. క్యాప్ రబ్బరు గట్టిపడి ప్రెషర్ వదిలేస్తే అదే కూలెంట్ 107 దగ్గరే మరుగుతుంది. ఫ్యాన్ తిరగడం మొదలయ్యేదే 100 దాటాక. ఇక మిగిలిన వెసులుబాటు ఎంత? సిలిండర్ల పై భాగమైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఆవిరి బుడగలు కట్టి, ఆ ఆవిరి కూలెంట్‌ను రిజర్వాయర్‌లోకి, అంటే పక్కనుండే విడి డబ్బాలోకి తోసేస్తుంది. చూసేవాళ్లు రేడియేటర్ మూసుకుపోయిందనుకుంటారు.

క్యాప్‌లో రెండో వాల్వు ఒకటుంది, మధ్యలో చిన్న బిళ్ల. ఇంజిన్ చల్లారేటప్పుడు రిజర్వాయర్‌లోంచి కూలెంట్‌ను వెనక్కి పీల్చుకునేది అదే. అది అతుక్కుపోతే రిజర్వాయర్ నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉంటాయి. తెల్లారి చూస్తే పై హోస్ లోపలికి నొక్కుకుపోయి కనబడుతుంది. రిజర్వాయర్ గీతను మాత్రమే చూసి ‘కూలెంట్ ఫుల్’ అనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అంటే రాత్రంతా నిలిపాక, క్యాప్ తీసి రేడియేటర్ మెడ దాకా కూలెంట్ ఉందో లేదో చూడాలి. వేడి మీద క్యాప్ తిప్పితే చెయ్యి కాలుతుంది, గుడ్డ అడ్డం పెట్టినా సరే. మూడేళ్లకోసారి క్యాప్ మార్చేయడమే మేలు. 1.3 క్యాప్ వేస్తే ఇంకా చల్లగా ఉంటుందనే సలహా మాత్రం వినొద్దు. అది వేడిని తగ్గించదు, పాత రేడియేటర్ అతుకులను పరీక్షిస్తుంది.

నీళ్ల సంగతి. మన వైపు బోరు నీళ్ల ఉప్పదనం గురించి చెప్పనక్కర్లేదు, కాఫీ గిన్నె అడుగున తెల్ల పొర చూస్తే చాలు. ఆ పొరే సిలిండర్ల చుట్టూ కడితే వేడి లోహం నుంచి నీటిలోకి దిగదు. ఆర్‌వో నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటర్ కావు. బ్యాటరీ షాపులో 5 లీటర్ల క్యాన్లు రెండు తెచ్చుకుంటే కడగడానికీ కలపడానికీ సరిపోతుంది.

పాత పొర తీయడానికి వాడింది వంటింటి నిమ్మ ఉప్పే, లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు 30 గ్రాములు. నింపి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఇంజిన్ నడిపి, గోరువెచ్చగా అయ్యాక వదిలేయాలి. మొదటి విడత టీ రంగులో వస్తుంది. లోపలంతా అల్యూమినియం కాబట్టి రాత్రంతా నానబెట్టకూడదు. తర్వాత ఉట్టి డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగు విడతలు, తేటగా వచ్చేదాకా. డ్రెయిన్ బోల్టు కింది రాగి వాషర్ కొత్తది వేయాలి. పాతది వేసి చుక్క కారుతోందని బోల్టును ఇంకా బిగిస్తే పంపు మూతలో మర పోతుంది.

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. ఈ బండి సిస్టమ్‌లో పట్టేది 1.7 లీటర్లు. డ్రెయిన్ చేస్తే బయటికొచ్చేది 1.3 మాత్రమే, మిగతా 400 మిల్లీలీటర్లు బ్లాకులోనే ఉండిపోతాయి. కడిగాక ఆ మిగిలింది ఉట్టి నీళ్లు. దాని మీద రెడీమేడ్ సగం-సగం కూలెంట్ 1.3 లీటర్లు పోస్తే మిశ్రమం 38 శాతానికి పడిపోతుంది. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు గనక చలికి భయం లేదు, కానీ తుప్పు ఆపే మందు కూడా అంతే పలచబడుతుంది. అందుకే నీళ్లు కలపని కాన్సన్‌ట్రేట్ కొని ముందు అది 850 మిల్లీలీటర్లు పోసి, తర్వాత 450 డిస్టిల్డ్ వాటర్ పోస్తే లెక్క సరిపోతుంది. రంగు చూసి కూలెంట్ కొనకండి, ఆకుపచ్చ, ఎరుపు కంపెనీ ఇష్టం. సిలికేట్ లేనిదని డబ్బా మీద ఉందో లేదో చూడండి, పంపు సీల్‌కు అదే మంచిది. రెండేళ్లకోసారి మార్చాలి. వేరే రకంతో కలిపితే మందు చెడి బురద కట్టే ప్రమాదం ఉంది.

కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు కింద చిన్న కన్నం ఉంటుంది. అది లీకు కాదు, లీకును చూపించడానికి పెట్టిన కన్నం. అక్కడ కూలెంట్ చుక్కలు పడితే కూలెంట్ వైపు మెకానికల్ సీల్ పోయినట్టు, నూనె పడితే ఇంజిన్ వైపు ఆయిల్ సీల్ పోయినట్టు. ఆ కన్నాన్ని పుట్టీతో మూసిన బండ్లు కనబడుతుంటాయి. అట్టా మూస్తే కూలెంట్ దారి వెతుక్కుని ఆయిల్‌లోకి పోతుంది, అప్పుడు పోయేది బేరింగులు. సీల్ వేసేటప్పుడు బయటి అంచుకు సరిపడే సాకెట్‌తోనే నొక్కాలి, కార్బన్ ముఖానికి వేలు కూడా తగలనీయొద్దు. షాఫ్ట్ మీద గోరు పెట్టి చూసి గీత తగిలితే షాఫ్ట్ కూడా మార్చాలి, లేకపోతే కొత్త సీల్ ఒక సీజన్ కూడా ఆగదు. కొత్త సీల్ మొదటి రోజు రెండు మూడు చుక్కలు కార్చి ఆగింది. నాలుగేళ్లలో మళ్లీ కారలేదు.

సిలికాన్ హోసుల మీద మాత్రం అభిప్రాయం కొంచెం మారింది. పైనా కిందా ఉన్న రెండు పెద్ద హోసులు సిలికాన్‌వి, చిన్న బైపాస్ హోస్ రబ్బరుది. చూపుకు సిలికాన్ ఇప్పటికీ కొత్తదే. కానీ అది మెత్తన. మామూలు స్క్రూ క్లిప్పు బిగిస్తే పళ్ల సందుల్లోంచి ఉబికి, కొన్నాళ్లకు కోసుకుపోతుంది. మొదటి ఏడాది క్లిప్పుల దగ్గర తడి కనబడుతూనే ఉంది. లోపల నున్నటి పట్టీ ఉన్న క్లిప్పులు మార్చాకే ఆగింది. ఇంకో సంగతి, సిలికాన్ గోడలోంచి నీటి ఆవిరి కొద్దికొద్దిగా బయటికి పోతుంది, లీకు లేకపోయినా ఏడాదికి కొంత టాపప్ తప్పదు. రబ్బరు హోసును క్లిప్పు పక్కన నొక్కి చూడండి, లోపల కరకరలాడితే ఆయుష్షు అయిపోయినట్టే. మళ్లీ చేయాల్సి వస్తే కంపెనీ రబ్బరు హోసులు, స్ప్రింగ్ క్లిప్పులే వేస్తాను.

‘మన ఎండకు థర్మోస్టాట్ ఎందుకు, తీసి పారేయండి’ అనే మాట ప్రతి వర్క్‌షాపులోనూ వినబడుతుంది. వద్దు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనీయని వాల్వు అది, లేకపోతే హైవే మీద ఇంజిన్ చాలినంత వేడెక్కదు. ఇంజెక్షన్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్‌లోని తేమ ఆవిరవదు. అనుమానం ఉంటే గిన్నెలో నీళ్లు కాచి, దారానికి కట్టి వేలాడదీసి, థర్మామీటరుతో చూడండి. 82 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకోవడం మొదలై, 95 కల్లా పూర్తిగా తెరుచుకోవాలి. గిన్నె అడుగుకు తగలకూడదు. బిగించేటప్పుడు చిన్న కన్నం పైకి ఉండాలి, గాలి పోయే దారి అదే.

ఫ్యాన్ వైర్లు ఎవరైనా కెలికి ఉంటే రేడియేటర్ ముందు ఒక కాగితం పెట్టండి. అంటుకుంటే సరి, ఎగిరిపోతే ప్లస్ మైనస్ తారుమారైనట్టు. ఉల్టా తిరిగే ఫ్యాన్ ఎదురు గాలితో పోట్లాడుతుంది, అందుకే కొద్ది వేగంలోనే వేడి ముల్లు పైకి పోతుంది.

రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కునేది ఊరిని బట్టి ఉంటుంది. కోతల కాలంలో వరి పొట్టు, చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ దుమ్ము, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పు గాలి. ప్రెషర్ నీళ్ల గన్‌తో ముందు నుంచి కొడితే చెత్త లోపలికి దిగి, రెక్కలు వంగిపోతాయి. ఇంజిన్ వైపు నుంచి ముందుకు, మామూలు పైపుతో కడగాలి. రేడియేటర్ ముందు పెట్టిన చిన్న కన్నాల జాలీ రెండు నెలలకే పురుగులతో నిండింది, పెద్ద కన్నాలది మారిస్తే ఆ బాధ లేదు. లీకు ఆపడానికి రేడియేటర్‌లో పసుపు వేసే లారీ వాళ్ల చిట్కా రాగి రేడియేటర్ల నాటిది. సన్నటి అల్యూమినియం గొట్టాల్లో అది లీకుతో పాటు దారినీ మూస్తుంది.

చివరి పని, అందరూ తొందరపడేది, గాలి తీయడం. ముందు చక్రం ఎత్తులో పెట్టి, మెడ అన్నిటికంటే పైన ఉండేలా చూసి, సన్న ధారగా పోయాలి. హోసులు పిసకాలి, బండిని రెండు పక్కలా వంచాలి. క్యాప్ లేకుండా స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా ఐడిల్‌లో ఉంచి, అప్పుడప్పుడు 3,000 ఆర్‌పీఎం దాకా లేపాలి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం దబ్బున దిగుతుంది, అప్పుడు నింపి క్యాప్ వేయాలి. బుడగలు ఎంతకీ ఆగకుండా, చల్లటి ఇంజిన్ నిమిషంలోనే హోసును రాయిలా చేస్తే అది మిగిలిన గాలి కాదు, హెడ్‌కూ సిలిండర్లకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయినట్టు. మామూలుగా అయితే మర్నాడు పొద్దున మళ్లీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు పడుతుంది. మూడో రోజు కూడా పడితే రిజర్వాయర్‌కు పోయే సన్న గొట్టాన్ని వంచి చూడండి. అందులో వెంట్రుకవాసి పగులున్నా కూలెంట్‌కు బదులు గాలే లోపలికి వస్తుంది.