సొంత ఆర్కెస్ట్రా మేలా, ఒకరి ఆర్కెస్ట్రాలో లీడర్ పని మేలా?

మొన్న చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ బయట టీ తాగుతుంటే, మాతో ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే కుర్రాడు కదిపాడు. "అన్నా, ఎన్ని రోజులని ఒకల దగ్గర వాయిస్తం? మనమే ఒక ఆర్కెస్ట్రా పెడితే ఎట్లుంటది?" వాడికి 26 ఏళ్లు. చెయ్యి మంచిది, టైమింగ్ ఇంకా మంచిది. ఇంకో ట్రూప్ వాళ్లు లీడర్‌గా రమ్మని కబురు కూడా పెట్టారట.

నేను రెండూ చేసినవాణ్ణే. తొమ్మిదేళ్లు ఒక లైట్ మ్యూజిక్ ట్రూప్‌లో కీబోర్డు లీడర్‌ని, అంటే కీబోర్డు వాయిస్తూ స్టేజీ మీద అందర్నీ నడిపించేవాణ్ణి, తర్వాత ఆరేళ్లు సొంత ట్రూప్‌కి ఓనర్ని, ఇప్పుడు మళ్లీ లీడర్నే. కాబట్టి నా మొగ్గు ఎటో వేరే చెప్పక్కర్లేదు. అయినా లెక్క మాత్రం సరిగ్గానే చెప్పాను వాడికి.

పేరున్నవాళ్ల సంగతి పక్కన పెడదాం. బాలు గారు తొలిరోజుల్లో నడిపిన బృందంలో ఇళయరాజా గారు హార్మోనియం, గిటారు వాయించారు. అక్కడ లీడరూ బాలు గారే, ఓనరూ ఆయనే. ఆ గొంతే పెట్టుబడి. మనకు అలాంటిది లేదు కనుక కాగితం, పెన్ను తీసుకోవాలి.

ఒక రాత్రి లెక్క

కొంపల్లి వైపు ఒక ఓపెన్ లాన్‌లో సంగీత్. 70,000కి ఒప్పుకున్నాను, అడ్వాన్సు 20,000. ఖర్చు ఇలా పోయింది: సౌండు, లైట్లు 22,000. ప్యాడ్స్‌కి 4,500, గిటారుకి 4,500, ఢోలక్‌కి 3,500. ఇద్దరు సింగర్లకు చెరి 5,000. యాంకరమ్మకు 5,000. బండి 3,500. పార్టీని తెచ్చిపెట్టిన ఈవెంట్ అతనికి పదిశాతం, అంటే 7,000. టీలు, టిఫిన్లు 1,500. మొత్తం 61,500. నాకు మిగలాల్సింది 8,500. అదే రాత్రి ఇంకొకరి ట్రూప్‌లో లీడర్‌గా కూర్చుంటే 6,000 వచ్చేవి. అంటే నా పెట్టుబడికి, పది రోజుల ఫోన్లకు, బీపీకి కలిపి 2,500 అన్నమాట.

అదైనా వచ్చిందా? ఏడున్నరకు మొదలవ్వాలి. పెళ్లికూతురు బ్యూటీపార్లర్ నుంచి వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ కూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి. హాలు లోపలైతే కొంత వెసులుబాటు ఉంటుంది గానీ లాన్‌కి ఉండదు. సరిగ్గా పదికి పోలీసు బండి గేటు దగ్గర ఆగింది. నలభై నిమిషాలే వాయించాం. "రెండు గంటలన్నారు గదా" అంటూ పిల్ల మేనమామ బ్యాలెన్సులో 10,000 కోసుకున్నాడు. ఆలస్యం ఎవరిదని ఆయనతో వాదించొచ్చు, కానీ వెనక వేదిక దిగి నిలబడ్డ ఎనిమిది మందికి ఆ వాదనతో పని లేదు. వాళ్ల డబ్బు వాళ్లకిచ్చేశాను. ఆ రాత్రి నా జేబులోంచి 1,500 పోయాయి.

మంచి రాత్రులూ ఉన్నాయి, లేవని కాదు. డిసెంబర్ 31న ఒక్క రాత్రిలో నెల సంపాదన వచ్చిన సందర్భాలు నాకు రెండున్నాయి. ఓనర్‌కి ఉన్న ఆశ అంతా అక్కడే: లీడర్ పారితోషికానికి పైకప్పు ఉంటుంది, ఓనర్‌కి ఉండదు. కిందికి పడేటప్పుడు నేల కూడా ఉండదు.

పంచాంగం చూసి బతకాలి

మన ఆర్కెస్ట్రాల ఆదాయం పంచాంగం చేతుల్లో ఉంటుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. మధ్యలో మూఢం వస్తే అదీ కలుపుకోండి. ఆషాఢంలో బోనాలున్నాయి గదా అంటారు. ఉన్నాయి, కానీ అక్కడ జనానికి కావాల్సింది తీన్మార్. మన కీబోర్డు మెలొడీలు ఎవరిక్కావాలి? వినాయక మండపాలు కాస్త ఆదుకుంటాయి. లీడర్ ఆ నెలల్లో స్టూడియో పనో, ఇళ్లకెళ్లి పిల్లలకు క్లాసులో చూసుకుంటాడు. ఓనర్ సౌండ్ మిక్సర్, మానిటర్ స్పీకర్లు అప్పు మీద కొని ఉంటాడు. ఈఎంఐకి ఆషాఢం లేదు.

2020 మార్చిలో అన్నీ మూతపడ్డప్పుడు ఇద్దరికీ పని పోయింది. తేడా ఏమిటంటే, నా ఫోన్‌కి అడ్వాన్సు తిరిగిమ్మనే పార్టీల ఫోన్లు కూడా వచ్చాయి.

కాగితాల పని

హైటెక్ సిటీ కంపెనీల యాన్యువల్ డేలు పెళ్లిళ్ల కంటే మర్యాదగా ఉంటాయి, టైముకి మొదలవుతాయి. కానీ వాళ్లకు జీఎస్టీ బిల్లు కావాలి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే నమోదు ఎలాగూ తప్పదు, పన్ను 18 శాతం. శాస్త్రీయ, జానపద కళాకారుడికి ఒక్కో ప్రదర్శనకు 1.5 లక్షల లోపు పారితోషికం మీద మినహాయింపు ఉంది. సినిమా పాటలు వాయించే మనకు అది అంటదు. ఆ కంపెనీల డబ్బు చేతికి రావడానికి నెలా నెలన్నర. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. దానికి కావాల్సిన ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకోవడం) ఉచితమే. ట్రూప్ పెట్టేవాడు మొదటి రోజే అది చేసుకోవాలి. చట్టం చూపించి అడిగితే వచ్చే ఏడాది పిలుస్తారా అంటే, అది వేరే సంగతి.

పాటల హక్కుల గొడవ ఇంకొకటి. పెళ్లి ఊరేగింపుకీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకీ కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. టికెట్ పెట్టిన షోకి, హోటల్లో కొత్త సంవత్సరం పార్టీకి అది వర్తించదు, లైసెన్సు ఉండాలి. అది ఎవరు తీసుకోవాలో ముందే రాసుకోకపోతే వేళ్లు ఓనర్ వైపే తిరుగుతాయి. అనుమతి లేకుండా తన పాటలు స్టేజీ మీద పాడొద్దని 2017లో ఇళయరాజా గారు బాలు గారికే నోటీసు పంపించారు, మనమెంత?

మరి లీడర్‌కి ఏం దక్కుతుంది?

వాడికి ఇది చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. పోయిన మాఘంలో నాగోల్‌లో ఒక రిసెప్షన్. సింగరమ్మకు జలుబు. డి స్కేల్లో (శ్రుతిలో) పాట, పల్లవి ఎత్తుకునేటప్పుడే గొంతు పైకి పోవట్లేదని తెలిసిపోయింది. మ్యూజిక్ బిట్ వస్తోంది. గుండె మీద చెయ్యి పెట్టి రెండు వేళ్లు కిందికి చూపించాను, శ్రుతి రెండు మెట్లు దించమని. నేను శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కితే నా పని అయిపోయింది. గిటారతను తీగల మీద శ్రుతి పెంచడానికి బిగించిన కేపో క్లిప్పు పీకేశాడు. ఫ్లూటాయన మాత్రం సంచిలోంచి ఇంకో ఫ్లూట్ వెతుక్కోవాలి, అందుకని ఆ బిట్‌ని కీబోర్డు మీద ఇంకో నాలుగు బార్లు సాగదీశాను. చరణం సీ స్కేల్లో పడింది. ఆమె నా వైపు ఒక్కసారి చూసి పాడేసింది. కింద బిర్యానీ తింటున్న ఒక్క మనిషికి తెలియలేదు.

ఈ పని నేను ఓనర్‌గా ఉన్న ఆరేళ్లలో చెయ్యలేకపోయాను. స్టేజీ మీద కూర్చున్నా కళ్లు సౌండ్ అతని మీద, ఫోన్ మీద, బ్యాలెన్సు ఇచ్చే మనిషి ఎక్కడున్నాడా అనే దాని మీద ఉండేవి. మూడో ఏడు వచ్చేసరికి సాధన మానేశాను. ఒక రిహార్సల్లో గిటారతను మొహమాటపడుతూ, "సార్, ఆ కార్డ్ (chord) మైనర్ కదా" అన్నాడు, నేను మేజర్ వాయిస్తున్నానని. మైనరే.

ఒకరి కింద ఉంటే ఎదగలేమన్న భయం కుర్రాళ్లకు ఎక్కువ. కీరవాణి గారు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసి, 1990లో సొంతంగా సంగీత దర్శకుడిగా సినిమా చేశారు. ఆ పని ఆయన్నేమీ తగ్గించలేదు.

అయితే లీడర్ బతుకులోనూ ముళ్లున్నాయి, దాచను. పోస్టరు మీద పేరు ఓనర్ది. సింగర్లకు, ఓనర్‌కి పడకపోతే నలిగేది మనం. అన్నిటికంటే పెద్ద పేచీ పెన్ డ్రైవ్. తొమ్మిదేళ్లలో నేను కట్టుకున్న టోన్లు (కీబోర్డు శబ్దాలు), ట్రాకులు (పాట వెనక నడిచే మ్యూజిక్) అందులో ఉండేవి. బయటికొచ్చిన రోజు "అది ట్రూప్‌దే" అన్నారు. ముందు మాట అనుకోలేదు, కాబట్టి నోరు మెదపలేకపోయాను. మళ్లీ మొదటి పాట నుంచి కట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

అందుకే వాడికి చెప్పాను: లీడర్‌గా వెళ్తే నాలుగు విషయాలు కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకో. రిహార్సల్‌కి ఎంత, ప్రోగ్రాం రద్దయితే ఎంత, పేరు ఎక్కడ వేస్తారు, ట్రాకులు ఎవరివి. ఓనర్‌గా దిగితే మాత్రం ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పెట్టుకుని దిగు. లెక్కలు చూడ్డానికి వాయించని మనిషిని ఒకర్ని పెట్టుకో. ఫోన్లో గంటసేపు బేరమాడటం నీకు నిజంగా సరదాగా అనిపిస్తుందా అని కూడా చూసుకో. నాకెప్పుడూ అనిపించలేదు. అనిపించేవాళ్లు ఉన్నారు, వాళ్లు మా కంటే బాగా నడుపుతున్నారు, వాళ్లలో కొందరికి సరిగమలు కూడా రావు.

మధ్యలో వాడే అడిగాడు, ఉద్యోగాల సంగతేంటని. రామ్‌కోఠిలో త్యాగరాజ, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. అక్కడ పోస్టు దొరికితే అంతకంటే కావాల్సిందేముంది! కానీ డిప్లొమా ఉండాలి, నోటిఫికేషన్ పడాలి. వాడికి రెండూ లేవు.

అంతా విని "ఆలోచిస్తా అన్నా" అని బండెక్కి వెళ్లిపోయాడు. నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, సౌండోళ్లకు అడ్వాన్స్ ఎంతియ్యాలె?"

"మూడోవంతు ఇయ్యి. మిగతాది సౌండ్ చెక్ అయినంక."