ఎం.ఎడ్.నా, ఇగ్నో ఎం.ఏ. ఎడ్యుకేషనా?

టీచర్ల ముందున్న పీజీలు రెండు: కాలేజీకి వెళ్లి చదివే ఎం.ఎడ్., దూరవిద్యలో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఎం.ఏ. ముందు ఒక మాట. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హైస్కూల్లో గెజిటెడ్ హెచ్.ఎం. (ప్రధానోపాధ్యాయుడు) కావడానికి ఈ రెండూ అక్కర్లేదు. స్కూల్ అసిస్టెంట్‌కు సీనియారిటీ, దానితోపాటు డిపార్ట్‌మెంటల్ టెస్టులు చూస్తారు: జి.ఓ. (గెజిటెడ్ ఆఫీసర్స్) టెస్టు 88, 97 పేపర్లు, ఇ.ఓ. (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్) టెస్టు 141 పేపరు. వీటిని పక్కనబెట్టి పీజీ వెంటపడేవాళ్లే ఎక్కువ.

ప్రైవేటు ప్రిన్సిపాల్ పోస్టు కోసమో, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లెక్చరర్ ఆశతోనో చదివితే అసలు తేడా హాజరు దగ్గరే. ఎం.ఎడ్. రెగ్యులర్ కోర్సు. 2014 ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనల ప్రకారం రెండేళ్లు, ఏడాదికి 200 పనిదినాలు, థియరీకి 80 శాతం హాజరు. అంటే ఏటా 160 రోజులు. ఆదోని బడిలో సంతకం పెట్టి, అదే రోజు కర్నూలు కాలేజీ రిజిస్టర్‌లోనూ కనబడితే ఆ డిగ్రీ ఉద్యోగ రికార్డైన సర్వీస్ రిజిస్టర్‌కెక్కే దగ్గర ఇరుక్కుంటుంది. సెలవు మంజూరు చేయించుకున్నాకే చేరాలి. బి.ఎడ్.లో 50 శాతం మార్కులూ ఉండాలి.

ఇగ్నో ఎం.ఏ.కు ఏ డిగ్రీ అయినా చాలు. కనీసం రెండేళ్లు, గరిష్ఠం నాలుగు. విద్యా నిర్వహణను ప్రత్యేకాంశంగా తీసుకుంటే బడి నడిపే పనికి దగ్గరగా ఉంటుంది. చిక్కల్లా అసైన్‌మెంట్లతోనే. పరీక్ష బాగా రాసినా, అవి గడువులోగా చేరకపోతే గ్రేడ్ కార్డులో 'నాట్ కంప్లీటెడ్' అలాగే ఉంటుంది. ఇచ్చిన రసీదు దాచుకోండి. తెలుగు మాధ్యమం లేదు.

ఉద్యోగంలో ఉన్నవారికి నా ఓటు ఇగ్నోకే. డైట్ వైపు చూసేవారికి మాత్రం ఎం.ఎడ్. తప్పదు.