టెషెక్‌పుక్ సరస్సు: షరతులతో తవ్వనివ్వడమా, అసలు లీజే ఇవ్వకపోవడమా?

అలాస్కా ఉత్తర కొసన టెషెక్‌పుక్ సరస్సు, దాని చుట్టూ లెక్కలేనన్ని చెరువులు, చిత్తడి గడ్డి నేల. ఇదంతా 1923లో అమెరికా నౌకాదళం కోసం చమురు నిల్వగా పక్కన పెట్టిన సుమారు 2.3 కోట్ల ఎకరాల్లో భాగం. కాబట్టి ఇక్కడ చమురు అడగడం వింతేమీ కాదు. అయితే 1976 నాటి చట్టం ఈ సరస్సు ప్రాంతాన్ని పేరు పెట్టి మరీ చెప్పి, అన్వేషణ జరిగినా వన్యప్రాణులకు గరిష్ఠ రక్షణ ఉండాలంది. అది ఎలా అన్నదే గొడవ.

కంపెనీలకు నచ్చేది షరతుల దారి. చలికాలంలో మంచు రోడ్లేసి బావులు పరీక్షించడం, ఒకే చోట నిలబడి భూమి లోపల ఏటవాలుగా మైళ్ల దూరం తవ్వడం. పరీక్షల వరకు ఇది నిజంగానే బాగుంటుంది, వేసవికి మంచు రోడ్డు కరిగిపోతుంది. చమురు పడ్డాకే అసలు కథ. అప్పుడు బావులు తవ్వే చోట ఏడాదంతా నిలిచే కంకర దిమ్మెలు, పైపులైన్లు, విమానాలు కావాలి. పక్కనున్న ఆల్పైన్ క్షేత్రం 2000లో చిన్న జాగాతో మొదలైంది. తర్వాత కొత్త దిమ్మెలు, వంతెన, రోడ్లు పడమరకు పాకుతూనే పోయాయి.

సరిగ్గా ఆ వేసవిలోనే వేల బ్రాంట్ బాతులు ఇక్కడికి వచ్చి రెక్కల ఈకలు రాలుస్తాయి. కొత్తవి వచ్చేదాకా కొన్ని వారాలు ఎగరలేవు. గడ్డి మేయాలి, నక్క కనబడితే నీళ్లలోకి పారిపోవాలి. హెలికాప్టర్ మోతకు బెదిరితే వేరే చోటికి ఎగిరిపోయే వీలు ఉండదు. కారిబూలనే ధ్రువ జింకల సంగతీ అంతే: దోమల బాధ తప్పించుకోవడానికి సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇరుకు దారుల్లో తీరానికి పోతాయి. అక్కడ రోడ్డు పడితే పక్కకు తప్పుకునే చోటేది?

అందుకే నా ఓటు లీజు ఇవ్వకపోవడానికే. లీజంటే తవ్వుకునే హక్కు, ఇచ్చాక తీసేయడం కష్టం. ఈ నిల్వ ప్రాంతంలోనే ఉన్న విల్లో చమురు ప్రాజెక్టు లీజులు 1999 నుంచీ ఉన్నవి. 2023లో బైడెన్ ప్రభుత్వం అయిదు దిమ్మెలను మూడుకు తగ్గించగలిగింది, అంతే.

కానీ ఉత్తర్వుతో మూస్తే మరో ఉత్తర్వుతో తెరుస్తారు. 2013 ప్రణాళిక ఈ నిల్వ ప్రాంతంలో దాదాపు సగాన్ని లీజులకు మూసింది, 2020లో 82 శాతం దాకా తెరిచారు, 2022లో వెనక్కి మళ్లారు, 2025లో మళ్లీ తారుమారు. నిలిచేది అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) చేసే చట్టమే. ఆ చట్టం ప్రస్తుతం ఎదురు దిశలో ఉంది: 2025లో చేసినది పదేళ్లలో కనీసం ఐదు లీజు వేలాలు వేయమంది.

ఇక్కడి ఆదివాసులైన ఇన్యూపియట్ ప్రజలంతా ఒకే మాట మీద లేరు. విల్లోకు దగ్గరి ఊరు నుయిక్సట్‌లో నాయకులు ప్రాజెక్టును ఎదిరించారు. ఈ ప్రాంత స్థానిక ప్రభుత్వమైన నార్త్ స్లోప్ బరో మాత్రం సమర్థించింది, ఎందుకంటే బడులూ క్లినిక్‌లూ ఎక్కువగా చమురు పన్నుల మీదే నడుస్తున్నాయి. లీజు వద్దనేవాళ్లు, నాతో సహా, ఆ పన్నుకు బదులు ఏమిస్తారో కూడా చెప్పాలి.