పాడేటప్పుడు నాలుక బిగుసుకుంటుంటే ఏ సాధన మేలు?

విజయనగరంలో పాట నేర్చుకునే మగపిల్లల్లో చాలామందికి ఒక ఆశ ఉంటుంది. ఘంటసాల గారు చదువుకున్న ఊరు కదా, తమ గొంతూ అలా గంభీరంగా పలకాలని. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో ఆ ఆశ తప్పేం కాదు. కానీ గాంభీర్యం కోసం నాలుక మొదలుని వెనక్కీ కిందికీ నొక్కేస్తారు. అలా నొక్కినప్పుడు తమ చెవికి నాదం బరువుగానే వినిపిస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి మాత్రం గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు ఉంటుంది.

నాలుక మొదలు గొంతు పైభాగాన లాడం ఆకారంలో ఉండే ఒక చిన్న ఎముకకి అతుక్కుని ఉంటుంది. స్వరపేటిక వేలాడేది కూడా ఆ ఎముక నుంచే. కాబట్టి నాలుక బిగిస్తే స్వరపేటికకీ స్వేచ్ఛ పోతుంది. పైస్థాయి అందదు, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, మొద్దుగా వస్తుంది. మీకు ఈ టెన్షన్ ఉందో లేదో చూసుకోవాలంటే బొటనవేలు గడ్డం కింద, ఎముకకి వెనక ఉన్న మెత్తటి చోట ఆనించి 'ఆ' అని పాడండి. అక్కడ గట్టిపడి వేలిని కిందికి నెడుతుంటే ఉన్నట్టే. కింద చెప్పే ఏ సాధన పనిచేస్తోందో తేల్చేది కూడా ఈ వేలే.

యూట్యూబ్‌లో ఎక్కువగా కనిపించేది నాలుక బయటపెట్టి, శుభ్రమైన రుమాలుతో కొస పట్టుకుని పాడటం. వెనక్కి పోయే నాలుకని ముందుకు తెస్తుంది కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. నాకు మాత్రం దీనిమీద పెద్ద మోజు లేదు. అచ్చులు వంకరపోతాయి, సాహిత్యం పలకదు. గట్టిగా లాగితే నాలుక కింది సన్నటి పొర పళ్ళ అంచుకి ఒరుసుకుని మండుతుంది. సాధనకి ముందు కాసేపు చేసి వదిలేయడానికి సరిపోతుంది, అంతే.

పెదవులు బుర్రుమనిపించే లిప్ ట్రిల్ దీనికంటే సుఖం. ఊపిరి నిలకడ పడుతుంది. హెల్మెట్ పెట్టుకుని గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఆగినా చేసుకోవచ్చు, ఎవరూ చూడరు. కాకపోతే మూసిన పెదవుల వెనక నాలుక బిగుసుకునే ఉండొచ్చు. 'ర్ర్ర్' అని నాలుక కొస ఆడించడంలో ఆ దొంగతనం కష్టం, కొస బిగిసిందంటే మోత ఆగిపోతుంది. ఈ రెండింట్లో నా ఓటు దీనికే. కొందరికి ఎంత ప్రయత్నించినా కొస ఆడదు. వాళ్ళు లిప్ ట్రిల్‌తోనే సరిపెట్టుకోవచ్చు, వేలు మాత్రం గడ్డం కింద ఉంచి.

సన్నటి స్ట్రాలోకి 'ఊ' అని పాడటం అలసిన గొంతుకి బాగా పనిచేస్తుంది. నాలుకకి దానివల్ల కలిగే మేలు పరోక్షం. ఇక చెంచాతో నాలుకని అణిచిపెట్టి పాడమనే సలహా వినకండి. అణిచిన నాలుక వెనక్కే పోతుంది.

అన్నిటికంటే నేను ముందు పెట్టేది 'య య య'. నాలుక కొసని కింది పళ్ళ వెనక ఆనించి, దవడ కదపకుండా, నాలుక మధ్యభాగాన్నే ఆడిస్తూ పలకాలి. రోజూ పాడే సరళీ వరసలోనే, అంటే మొదట్లో నేర్పే సరిగమల పాఠంలోనే, దీన్ని చేయొచ్చు, వేరే టైం కేటాయించక్కర్లేదు. మాయామాళవగౌళ రాగంలో ఒకే వరసని ముందు 'య'తో, తర్వాత అకారంతో ('ఆ' అంటూ), చివర స్వరాలతో ('స రి గ మ' అంటూ) పాడండి. 'య'లో గడ్డం కింద మెత్తగా ఉన్న చోటు అకారంలోనే గట్టిపడితే మీరు గొంతుకి లేని బరువు తెస్తున్నారన్నమాట. అకారం బాగుండి స్వరాల దగ్గర గట్టిపడితే చిక్కు ఉచ్చారణలో ఉంది. అప్పుడు 'గ' మీద కన్నేయండి. 'గ' అనగానే నాలుక వెనకభాగం లేచి అంగిటికి తగులుతుంది. తర్వాత వచ్చే 'మ', 'ప' పెదవుల అక్షరాలు, వాటికి నాలుకతో పనే లేదు. చాలామంది నాలుక 'గ' దగ్గర లేచింది లేచినట్టే 'మ' దాకా ఉండిపోతుంది. వరసని నెమ్మది చేసి 'గ' తర్వాత నాలుక కిందికి జారిందో లేదో చూసుకుంటే, మిగతా సాధనలన్నీ కలిపి చేసే పని ఇదొక్కటే చేస్తుంది.

పాడితే నొప్పి వస్తున్నా, బొంగురు రెండు మూడు వారాలకి తగ్గకపోయినా చెవి ముక్కు గొంతు డాక్టర్‌కి చూపించుకోవాలి. ఈ సాధనలు దానికి వైద్యం కావు.

ఇవన్నీ చేసినా మంద్రస్థాయి పంచమం (కింది స్థాయి 'ప') దగ్గరికి వచ్చేసరికి నాలుక మళ్ళీ నొక్కుకుపోతోందంటే శ్రుతి మార్చి చూడండి. ఒకటి శ్రుతి పెట్టుకుని కింద తడుముకునే అబ్బాయి కాస్త పైనుండే ఒకటిన్నరకో రెండుకో జరిగితే ఆ పంచమం నొక్కకుండానే పలకొచ్చు.