స్లే ద స్పైరా, మాన్‌స్టర్ ట్రైనా?
కార్డులతో పోరాడే ఈ రెండు వీడియో గేమ్‌లలో ఏది మేలన్న వాదన విశాఖ ఎంవీపీ కాలనీలో మా గేమింగ్ బ్యాచ్‌లో తెగడం లేదు. 2019లో పూర్తిస్థాయిలో విడుదలైన స్లే ద స్పైర్‌లో శత్రువు ఏం చేయబోతున్నాడో ముందే కనిపిస్తుంది. ప్రతి వంతుకూ చేతికి ఐదు కార్డులు, వాటిని వాడేందుకు మూడు ఎనర్జీ. కొట్టాలా, కాచుకోవాలా? ఓడినా తప్పెక్కడో తెలుస్తుంది. పనికిరాని కార్డును తీసుకోకుండా వదిలేయడం కూడా ఇందులో మంచి ఎత్తే.

2020 నాటి మాన్‌స్టర్ ట్రైన్‌లో రైలుకు మూడు అంతస్తులు, ఆపైన కాపాడుకోవాల్సిన అగ్నిగుండం. శత్రువులు కిందినుంచి ఎక్కుతూ వస్తారు. మన సైన్యంలో ఎవరిని ఏ అంతస్తులో, ముందు నిలపాలా వెనకా అన్నదే అసలు ఆట. మా మధురవాడ కుర్రాళ్ల ఓటు దీనికే.

నా ఓటు స్పైర్‌కి. మాన్‌స్టర్ ట్రైన్‌లో కార్డుల కాంబో (కలయిక) ఒకటి కుదిరితే గెలుపు ఖాయమనిపిస్తుంది. స్పైర్‌లో చివరి బాస్ (పెద్ద శత్రువు) దాకా టెన్షన్ వదలదు.