ల్యాబుకు పూర్తి మార్కులు, మందుల కౌంటరుకు సున్నా

మొదటి పెళ్లిలో వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకుని, రెండో పెళ్లయ్యాక కోసిన వీర్యనాళాలు తిరిగి కలిపించుకున్నవాణ్ని నేను. నాలాంటివాళ్లు ఈ సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లవచ్చా అంటే, ల్యాబు కోసమైతే నిశ్చింతగా వెళ్లండి.

మా ఊరి వీర్యపరీక్ష రిపోర్టుల్లో వీర్యకణాల సంఖ్య ఎప్పుడూ బాగానే ఉండేది. కింద ‘చీము కణాలు’ అని ఒక అంకె, దానికో యాంటీబయాటిక్ కోర్సు. ఇక్కడ ఆ గుండ్రటి కణాలకు, చీములో ఉండే తెల్లరక్తకణాలను గుర్తుపట్టే పెరాక్సిడేజ్ రంగు వేసి చూశారు. చాలావరకు తెల్లరక్తకణాలే కావు, ఎదగని వీర్యకణాలు! మింగిన మందులన్నీ దండగ.

తర్వాత మార్ పరీక్ష, అంటే వీర్యకణాలకు యాంటీబాడీలు పట్టాయేమో చూసేది. ల్యాబు మేడం నన్ను పిలిచి తెర మీద చూపించారు. వీర్యంలో కలిపిన లాటెక్స్ పూసలు యాంటీబాడీలు పట్టిన కణాలకే అతుక్కుంటాయి. ఈదుతున్నవాటిలో సగానికి మించి తలకో తోకకో పూసలు తగిలించుకుని ఈడ్చుకుంటూ పోతున్నాయి. కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ఉన్నచోటే కొట్టుకుంటున్నాయి.

డాక్టరుగారు ఓపికగా చెప్పారు. ఏది మనది, ఏది పరాయిది అన్నది రోగనిరోధక వ్యవస్థ చిన్నతనంలోనే నేర్చేసుకుంటుంది. వీర్యకణాలు పుట్టేది యుక్తవయసులో. అందుకే వృషణాల్లో సెర్టోలి కణాలు గోడ కట్టి వాటిని రక్తం కంట పడనివ్వవు. నాళం కోసినా ఉత్పత్తి ఆగదు. దారిలేని కణాలు బయటికి చిమ్మితే శరీరం వాటి మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. నాళం మళ్లీ కలిపినంత మాత్రాన అవి పోవు. అయినా సహజంగా పిల్లలు పుట్టినవాళ్లు ఎందరో ఉన్నారని, కుదరకపోతే కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ ఉందని అన్నారు. స్టెరాయిడ్ల సంగతి అడిగితే, లాభం అనుమానమే, దుష్ప్రభావాలు మాత్రం ఖాయం అని వద్దన్నారు. ప్యాకేజీ అంటగట్టే తొందర ఎక్కడా కనిపించలేదు.

ఆ తొందరంతా కింది అంతస్తులో ఉంది. మందుల కౌంటరు కుర్రాడు అడగకుండానే ‘రోగనిరోధక శక్తి పెంచే’ పొడి డబ్బా బిల్లులో కలిపేశాడు. ఉన్న శక్తితోనే వేగలేకపోతున్నాను, ఇంకా పెంచుతావా నాయనా అంటే తెల్లమొహం వేశాడు. బిల్లు సరిచూసుకోండి.

శాంపిలు ఇచ్చే గది శుభ్రంగా ఉంది కానీ, తలుపు అవతలే రిసెప్షన్ వాళ్ల కబుర్లు. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఎడం పాటించి వెళ్లాలన్న మాట ఫోనులోనే చెబితే బాగుండేది. నాకు తెలుసు గనక సరిపోయింది. మార్ పరీక్షకు విడిగా డబ్బు కట్టాలి, ముందే అడగండి. అయిదుకు నాలుగు.